బీపీకి 'నానా' రాసి డిసెబిలిటీ పెన్షన్ రిజెక్ట్ చేశారు, ఫస్ట్ అప్పీల్‌కి జవాబు లేదు. ఇక చెన్నై ట్రిబ్యునలేనా?

కొరిటెపాడు_కుర్రాడు (గుంటూరు):

నమస్కారం అండి. మా నాన్నగారి డిసెబిలిటీ పెన్షన్ గురించి. వివరాలు సూటిగా పెడుతున్నాను.

ఆర్మీ, హవల్దార్, 24 ఏళ్ల సర్వీసు, డిశ్చార్జి 30-11-2021. సర్వీస్ పెన్షన్ స్పర్శ్‌లో (రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ పోర్టల్) సక్రమంగా పడుతోంది. రిలీజ్ మెడికల్ బోర్డులో రెండు జబ్బులు రాశారు. ప్రైమరీ హైపర్‌టెన్షన్ 30 శాతం, నడుం డిస్క్ సమస్య 20 శాతం, కాంపోజిట్ (రెండూ కలిపి లెక్కగడితే) 40 శాతం, జీవితాంతం. రెండింటికీ 'నానా', అంటే సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల పెరగనూ లేదు అని రాశారు. 2022 జనవరిలో రికార్డ్స్ (రెజిమెంట్ రికార్డుల ఆఫీసు) నుంచి రిజెక్షన్ లెటర్ వచ్చింది. ఆరు నెలల్లో ఫస్ట్ అప్పీల్ చేసుకోవచ్చని అందులోనే ఉంది, కానీ అప్పుడు చేయలేదు. ఈ ఏడాది, 2025 ఫిబ్రవరి 10న స్పీడ్ పోస్ట్‌లో పంపాం. అక్టోబర్ వచ్చినా ఉలుకూ పలుకూ లేదు.

బీపీ మొదట కనపడింది 2014 మార్చిలో, సికింద్రాబాద్‌లో ఉన్నప్పుడు. అంతకుముందు 2011 నుంచి 2013 డిసెంబర్ దాకా జమ్మూ కాశ్మీర్‌లో, సీఐ ఆప్స్ (తీవ్రవాదులపై ఆపరేషన్లు జరిగే) ఏరియాలో ఉన్నారు.

సెకండ్ అప్పీల్ కూడా వేయాలా, నేరుగా ఆర్మ్డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కి (సైనికుల సర్వీసు కేసులు చూసేది) వెళ్లొచ్చా? అమరావతి హైకోర్టులో వేయడం కుదరదా? గెలిస్తే ఎప్పటినుంచి, ఎంత వస్తుంది? ఇక్కడ ఒకాయన అరియర్స్‌లో 30 శాతం ఇస్తే అంతా తానే చూసుకుంటానంటున్నాడు.

---

సుబేదార్_తెనాలి:

బాబూ, కేసు సంగతి తర్వాత. ముందు కాగితాలు చేతిలో ఉన్నాయా? రిజెక్షన్ లెటర్ ఒక్కటే పట్టుకుని అప్పీల్ వేసేవాళ్లే ఎక్కువ. ఆ లెటర్లో ఏముంటుంది, ఫలానా రెగ్యులేషన్ కింద అర్హత లేదన్న రెండు లైన్లు తప్ప. అసలు సరుకంతా మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్‌లో, అంటే ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 ఫారంలో ఉంటుంది.

మీ నాన్నగారి పేరుతోనే ఆర్టీఐ వేయండి, మీ పేరుతో వద్దు. పది రూపాయల ఫీజు. ఆయన రెజిమెంటుకు సంబంధించిన రికార్డ్స్‌కే పంపాలి: ఈఎంఈ, ఏఓసీ అయితే సికింద్రాబాద్, ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్. ఆర్మీ నంబరు, ర్యాంకు, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) మొదటి పేజీ, ఆధార్ జత చేయకపోతే అడుగుతున్నది ఎవరో తేలలేదని తిప్పి పంపుతారు. "నా మెడికల్ డాక్యుమెంట్లన్నీ ఇవ్వండి" అని గంపగుత్తగా రాయొద్దు. పేరుపేరునా అడగాలి. రిలీజ్ మెడికల్ బోర్డు ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 అన్ని పేజీలు, స్పెషలిస్ట్ ఒపీనియన్‌తో సహా. భర్తీ నాటి మెడికల్, అది ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-2ఏ. 2014లో మెడికల్ కేటగిరీ (ఫిట్‌నెస్ స్థాయి) తగ్గించినప్పటి బోర్డు, ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-15. పోస్టింగుల వివరాలున్న షీట్ రోల్. రిజెక్ట్ చేసినప్పటి ఫైల్ నోటింగ్. నడుం దెబ్బకు ఇంజురీ రిపోర్ట్ ఉంటే అదీ, ఐఏఎఫ్‌వై-2006. ముప్పై రోజుల్లో రాకపోతే ఆర్టీఐలోనే అప్పీల్ ఉంది, దానికి ఇంకో ముప్పై రోజుల గడువు.

ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 వచ్చాక 'ఒపీనియన్ ఆఫ్ ది మెడికల్ బోర్డ్' అన్న పేజీ తీయండి. ఒక చిన్న పట్టిక ఉంటుంది. జబ్బు పేరు, సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసు వల్ల పెరిగిందా, సంబంధం లేదా అని మూడు గళ్లు, చివర కారణం రాసే గడి. బీపీ కేసుల్లో ఆ ఆఖరి గడిలో నూటికి తొంభై పాళ్లు ఒకటే వాక్యం కనపడుతుంది: పీస్ స్టేషన్‌లో మొదలైంది, ఫీల్డ్, హై ఆల్టిట్యూడ్, సీఐ ఆప్స్ టెన్యూర్‌తో దగ్గరి కాల సంబంధం లేదు, (మెడికల్ ఆఫీసర్ల గైడ్) పేరా 43 ప్రకారం నానా. కొన్నిట్లో అదీ ఉండదు, 'కాన్‌స్టిట్యూషనల్ డిజార్డర్' (ఒంటి తత్వం వల్ల వచ్చే జబ్బు) అన్న ఒక్క మాటతో సరిపెడతారు. అలా ఉంటే మీకే మంచిది.

పట్టిక కింద ఉన్న ప్రశ్నలు కూడా చూడండి. ఈ జబ్బు సర్వీసులో చేరకముందు ఉందా? సొంత నిర్లక్ష్యం వల్ల వచ్చిందా? వైద్యానికి నిరాకరించాడా? మూడింటికీ 'నో' అని ఉంటే ఆ పేజీ మీ పక్షాన మాట్లాడుతున్నట్టే. లేదూ 'ఒబీస్', 'నాన్ కంప్లయన్స్' అని ఎక్కడైనా రాసి ఉంటే, ఏటా జరిగే మెడికల్స్‌లో బరువు ఎంతుందో ముందే చూసుకోండి. అవతలి వకీలు మొదట పట్టుకునేది దాన్నే.

---

హవల్దార్_మంగళగిరి:

కొత్త రూల్స్ వచ్చాక బీపీకి, షుగర్‌కి ఇవ్వడం మానేశారు అన్నా. అనవసరంగా డబ్బులు తగలేసుకోవద్దు.

---

బెజవాడ_వకీలు:

పై మాట నమ్మి ఆగిపోవద్దు. 2023 ఎంటైటిల్‌మెంట్ రూల్స్ 2023 సెప్టెంబర్ 21 తర్వాత బయటికొచ్చినవాళ్లకు. డిసెబిలిటీ ఎలిమెంట్ (పెన్షన్‌లో వైకల్యానికి ఇచ్చే భాగం) బదులు ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అన్న మాట వచ్చిందీ ఆ రూల్స్‌తోనే. 2021 నవంబర్‌లో డిశ్చార్జి అయినవాళ్లకు వర్తించేవి 2008 ఎంటైటిల్‌మెంట్ రూల్స్, 2008 పెన్షన్ రెగ్యులేషన్స్. వాట్సాప్ గ్రూపుల్లో ఈ రెండూ కలిపేసి జనాన్ని భయపెడుతున్నారు.

ఇక మీ ప్రశ్నలు. ఆర్మ్డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ చట్టం 2007, సెక్షన్ 21 ప్రకారం శాఖాపరంగా ఉన్న దారులు అయిపోయాకే ట్రిబ్యునల్ తీసుకుంటుంది. అయితే అప్పీల్ పెట్టి ఆరు నెలలైనా తుది ఉత్తర్వు రాకపోతే దారి అయిపోయినట్టే లెక్క. మీ ఆరు నెలలు ఆగస్టు 10తో నిండాయి. అక్కణ్ణుంచి ఇంకో ఆరు నెలలు సెక్షన్ 22 గడువు, అంటే 2026 ఫిబ్రవరి 10. ఈలోగా ఒరిజినల్ అప్లికేషన్ (మేం ఓఏ అంటాం) దాఖలైపోవాలి. ఫస్ట్ అప్పీల్‌కి ఈలోపు రిజెక్షన్ వస్తే సెకండ్ అప్పీల్‌కి ఆరు నెలలు అడగవచ్చు. కానీ మీ పరిస్థితిలో దానికోసం కూర్చోవద్దని నా అభిప్రాయం. ఎందుకో కింద అరియర్స్ దగ్గర అర్థమవుతుంది.

ఫస్ట్ అప్పీలే గడువు దాటి రెండున్నరేళ్లు ఆలస్యం కాబట్టి గవర్నమెంటు తరఫున 'టైమ్ బార్డ్' అంటారు. అందుకని ఓఏతో పాటు ఆలస్యాన్ని మన్నించమని మిస్‌లేనియస్ అప్లికేషన్ కూడా పెట్టాలి. పెన్షన్ నెలనెలా రావాల్సింది కాబట్టి నెలనెలా కొత్తగా జరుగుతున్న నష్టమే అన్నది సుప్రీంకోర్టు 2008 తర్సేమ్ సింగ్ తీర్పు సారం. ఆలస్యం కారణంగా కేసు కొట్టేయడం అరుదు. కాకపోతే అదే తీర్పు అరియర్స్‌ని కోసేస్తుంది. మామూలుగా కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లకే ఇస్తారు. మీరు ఈ నవంబర్‌లో వేస్తే 2022 నవంబర్ నుంచి. 2021 డిసెంబర్ మొదలు 2022 అక్టోబర్ దాకా పదకొండు నెలలు ఇప్పటికే చేజారినట్టు. ఇక మీదట ఆగిన ప్రతి నెలకూ వెనకనుంచి ఒక నెల పోతుంది. ప్రేయర్‌లో (ఓఏలో ఏం కావాలో కోరే భాగం) మాత్రం డిశ్చార్జి మర్నాటి నుంచే అడగండి, తగ్గించేది వాళ్లు తగ్గిస్తారు.

హైకోర్టులో నేరుగా కుదరదు. రిటైరైనవాళ్లు తాము నివాసముండే ప్రాంతపు బెంచ్‌లో వేయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కి చెన్నై రీజనల్ బెంచ్. ట్రిబ్యునల్ తీర్పు మీద మాత్రం హైకోర్టుకి వెళ్లే దారి 2023 మార్చి 21న పరశోత్తం దాస్ కేసుతో మళ్లీ తెరుచుకుంది. ఆ తలుపు రెండు వైపులా తెరుచుకుంటుంది, గవర్నమెంటూ వాడుకుంటోంది.

ప్రతి వాయిదాకీ మీ నాన్నగారు చెన్నై వెళ్లక్కర్లేదు. వకాలత్, అఫిడవిట్ మీద సంతకాలు గుంటూరులోనే నోటరీ ముందు పెట్టి పంపవచ్చు. (వెళ్లాలనే ఉంటే ముందు రోజు రాత్రి బండి ఎక్కండి. పినాకిని ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నానికి గానీ చేరదు, అప్పటికి మీ కేసు పిలిచేసి ఉంటారు.) పాత మెడికల్ కాగితాల జిరాక్స్‌లు మసకగా ఉంటే పక్కన టైపు చేసిన కాపీ పెట్టాలి. లేకపోతే రిజిస్ట్రీ లోపం చూపించి వెనక్కి ఇస్తుంది, అక్కడే నెల పోతుంది. బెంచ్‌లో ఒక జ్యుడీషియల్ మెంబర్, ఒక అడ్మినిస్ట్రేటివ్ మెంబర్ కూర్చోవాలి. ఖాళీ ఏర్పడితే మన కాగితం ఎంత బాగున్నా వాయిదాలే.

30 శాతం సంగతి. ఆయన వకీలైతే ఫలితం మీద వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. వకీలు కాకపోతే అసలు మీ తరఫున నిలబడే హక్కే లేదు. ఫీజు ఇంత అని ముందే మాట్లాడుకోండి, రసీదు అడగండి. ఖాళీ చెక్కులూ, ఖాళీ స్టాంపు పేపర్లూ ఎవరికీ ఇవ్వకండి. గుంటూరులోనూ, విజయవాడలోనూ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి. తీర్పు చెప్పే అధికారం వాళ్లకు లేదు గానీ అప్పీల్ రాయడంలో సాయం చేస్తారు. సైనిక బోర్డుల్లో న్యాయ సహాయ క్లినిక్‌లు పెట్టాలని నాల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) 2025 జూలై 26న వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది. మీ జిల్లాలో నడుస్తోందేమో ఆ ఆఫీసులోనే కనుక్కోండి.

---

పేరా_43:

వకీలుగారు ప్రొసీజర్ చెప్పారు కాబట్టి నేను వాదన సంగతి రాస్తాను.

అందరూ ధరమ్‌వీర్ సింగ్ (సుప్రీంకోర్టు, 2013 జూలై 2) తీర్పు పెట్టి చేతులు దులుపుకుంటారు. చేరేటప్పుడు మెడికల్‌లో ఏ జబ్బూ రాయలేదు కాబట్టి ఆరోగ్యంగానే చేరినట్టు లెక్క, తర్వాత వచ్చిందాన్ని సర్వీసుతో సంబంధం లేదనాలంటే బోర్డు కారణం రాయాలి, రుజువు భారం సైనికుడిది కాదు అన్నది అందులో సారం. 2015 ఫిబ్రవరిలో రాజ్‌బీర్ సింగ్ కేసులోనూ అదే చెప్పారు. కానీ అవతలివైపు వకీలు లేచి ఒక మాట అంటాడు: అవన్నీ 1982 రూల్స్ మీద వచ్చిన తీర్పులు, 2008 రూల్స్‌లో ఆ ఊహ తీసేశారు, సర్వీసులో ఉండగా బయటపడినంత మాత్రాన సర్వీసు వల్ల వచ్చినట్టు కాదు అని. దీనికి మీ ఓఏలోనే జవాబు ఉండాలి.

జవాబు 2008 రూల్స్‌లోనే ఉంది. రూల్ 7 ప్రకారం మామూలుగా అర్హత రుజువు చేయమని క్లెయిమ్ చేసేవాణ్ణి అడగకూడదు. డిశ్చార్జి అయిన 15 ఏళ్ల తర్వాత, రికార్డులు నాశనమయ్యాక వస్తేనే భారం అతనిది. మీ నాన్నగారు నాలుగేళ్లలోపే ఉన్నారు. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 27న గవాస్ అనిల్ మడ్సో కేసులో (అది షుగర్ కేసు) 2008 రూల్స్ కిందనే చూసి, పీస్ స్టేషన్‌లో మొదలైందన్న ఒక్క ముక్క సరిపోదు, సర్వీసు కాకపోతే మరేది కారణమో బోర్డు చెప్పాలి అంది. సుప్రీంకోర్టు కూడా 2025 మే 7న రాజుమోన్ కేసులో, కారణం రాయని మెడికల్ బోర్డు అభిప్రాయం మీద పెన్షన్ నిరాకరించడం చెల్లదంది. అది స్కిజోఫ్రేనియాతో ఇన్‌వాలిడ్ అవుట్ చేసిన (జబ్బు వల్ల మధ్యలోనే పంపేసిన) కేసు, మీది టెర్మ్స్ (సర్వీసు కాలం) పూర్తయ్యాక డిశ్చార్జి. తేడా దాచకుండా, కారణాలు రాయడం అన్న అంశం వరకే వాడుకోండి. అన్ని తీర్పులూ మనవైపే ఉన్నాయనుకోవద్దు. 2019 అక్టోబర్‌లో నర్సింగ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు బోర్డు అభిప్రాయానికే విలువిచ్చింది. బోర్డు వివరంగా కారణం రాసి ఉంటే ఆ తీర్పు మీ మీదికి వస్తుంది.

మీ కేసులో అసలు బలం తీర్పుల్లో కాదు, తేదీల్లో ఉంది. మెడికల్ ఆఫీసర్ల గైడ్ (2002, 2008 సవరణతో) పేరా 43 చదవండి. ఫీల్డ్, హై ఆల్టిట్యూడ్, సీఐ ఆప్స్, దీర్ఘకాలం ఓడ మీద సర్వీసు చేస్తుండగా ప్రైమరీ హైపర్‌టెన్షన్ వస్తే సర్వీసు వల్ల పెరిగినట్టే పరిగణించాలని ఉంది. బోర్డులు ఈ వాక్యం దగ్గర ఆగిపోతాయి. ఫీల్డ్‌లో ఎక్కువకాలం, పదేపదే పనిచేశాక బయటపడే కేసులూ ఉంటాయని, ఒత్తిడికి ఒక్కో మనిషి ఒక్కోలా స్పందిస్తాడని అదే పేరాలో ఉంది. మీ నాన్నగారు 2013 డిసెంబర్‌లో కాశ్మీర్ నుంచి దిగారు, 2014 మార్చిలో బీపీ దొరికింది. మధ్య మూడు నెలలు. 'దగ్గరి కాల సంబంధం లేదు' అని రాసినవాళ్లు ఆ మూడు నెలలు దగ్గర కాకపోతే ఇంకెన్ని నెలలైతే దగ్గరో చెప్పాలి. షీట్ రోల్ చూసి ఒక పట్టిక గీయండి: స్టేషన్, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, పీసా ఫీల్డా, ఏ డ్యూటీ, ఆ కాలంలో మెడికల్ కేటగిరీ. 2014 వరుసని బోల్డ్ చేయండి. అది ఓఏలో మొదటి అనెక్చర్ కావాలి.

కాశ్మీర్‌లో ఉండగా జరిగిన వార్షిక మెడికల్‌లో బీపీ రీడింగ్ ఎంతుందో కూడా చూడండి. 138, 140 దగ్గర ఊగుతూ ఉంటే అది బంగారమే. 120 అని ఉంటే దాని జోలికి మీరుగా పోవద్దు, అడిగితే మాత్రం దాచొద్దు.

---

కొరిటెపాడు_కుర్రాడు:

చాలా థాంక్స్ అండి. ఆర్టీఐ ఈ వారమే పంపిస్తాను. నడుం సంగతి: సామాను లోడ్ చేస్తుండగా పట్టేసిందట, యూనిట్ ఎంఐ రూమ్‌లో (యూనిట్ డిస్పెన్సరీ) చూపించుకున్నారట. ఇంజురీ రిపోర్ట్ రాయించలేదంటున్నారు. దీనివల్ల కేసు మొత్తం బలహీనపడుతుందా?

---

సుబేదార్_తెనాలి:

ఐఏఎఫ్‌వై-2006 లేకుండా దెబ్బ డ్యూటీలోనే తగిలిందని నిలబెట్టడం కష్టం. ఎంఐ రూమ్‌లో చూపించిన రోజు ఎంట్రీ, తర్వాత ఎంహెచ్‌లో (మిలిటరీ ఆసుపత్రి) అడ్మిట్ అయిన కేస్ షీట్ దొరికితే కొంత నయం. దొరక్కపోయినా దిగులు పడొద్దు. లెక్క చూడండి.

బ్రాడ్ బ్యాండింగ్ (శాతాన్ని పై మెట్టుకు పెంచి లెక్కించడం) ప్రకారం 50 లోపు ఉంటే 50 శాతంగా, 50 నుంచి 75 దాకా 75గా, 76, ఆపైన ఉంటే 100గా లెక్కిస్తారు. టెర్మ్స్ పూర్తి చేసుకుని వచ్చినవాళ్లకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2014 డిసెంబర్ 10న రామ్ అవతార్ కేసులో తేల్చింది. బీపీ ఒక్కటే గెలిస్తే 30 వల్ల 50. రెండూ గెలిస్తే 40 వల్ల అదే 50. రూపాయి తేడా లేదు. కాబట్టి ఓఏలో రెండూ అడగండి, వాదన బలమంతా బీపీ మీద పెట్టండి. నడుం కాగితాల కోసం ఫైలింగ్ ఆపొద్దు.

డబ్బు ఎంతంటే, 100 శాతానికి చివరి జీతంలో 30 శాతం. ఉదాహరణకి బేసిక్ 39,200, ఎంఎస్‌పీ (మిలిటరీ సర్వీస్ పే) 5,200 అయితే మొత్తం 44,400. అందులో 30 శాతం 13,320, దానికి సగం 6,660. 2025 జూలై నాటి 58 శాతం డీఆర్ (కరువు భత్యం) కలిపితే నెలకు సుమారు 10,500. ఎక్స్ గ్రూప్ పే (టెక్నికల్ ట్రేడ్‌లకు ఇచ్చేది) ఉంటే పెరుగుతుంది, ఓఆర్‌ఓపీ (ఒకే ర్యాంకుకు ఒకే పెన్షన్) పట్టికల వల్లా కొంత మారుతుంది. 2022లో పోయిన నెలలు అప్పటి డీఆర్‌తో ఒక్కొక్కటీ సుమారు తొమ్మిది వేలు. మీ నాన్నగారి చివరి పే స్లిప్ పట్టుకుని మీరే వేసుకోండి.

---

గన్నవరం_ఏర్‌మన్:

మధ్యలో దూరుతున్నాను. రిలీజ్ బోర్డులో 15 శాతం ఇచ్చారు, 'ఆగ్రవేటెడ్' (సర్వీసు వల్ల పెరిగింది) అని రాశారు. బ్రాడ్ బ్యాండింగ్‌తో 50 అడగవచ్చా?

---

బెజవాడ_వకీలు:

సర్వీసు పూర్తయి రిటైరైతే కుదరదు. 20 శాతం, ఆపైన ఉంటేనే డిసెబిలిటీ ఎలిమెంట్, ఆ గడప దాటాకే బ్రాడ్ బ్యాండింగ్. సుప్రీంకోర్టు 2019 డిసెంబర్ 11న ఎస్.పి. రాథోర్ కేసులో ఇది స్పష్టంగా చెప్పింది. సుఖ్వీందర్ సింగ్ (2014) తీర్పు చూపిస్తూ 20 లోపైనా వస్తుందని చెప్పేవాళ్లుంటారు. అది జబ్బు కారణంగా మధ్యలో ఇన్‌వాలిడ్ అవుట్ చేసినవాళ్ల సంగతి. మీకు ఉన్న దారి శాతం తక్కువ వేశారని రివ్యూ మెడికల్ బోర్డు అడగడం. రిపోర్టులు బలంగా ఉంటేనే ఆ పని పెట్టుకోండి.

---

పీపీఓ_పరిశీలకుడు:

గెలిచాక ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. సగం మంది ఇబ్బంది పడేది అక్కడే.

తీర్పులో సాధారణంగా మూడు నాలుగు నెలల గడువు ఇస్తారు, దాటితే 8 శాతం వడ్డీ అని రాయడం మామూలే. సర్టిఫైడ్ కాపీ రాగానే రికార్డ్స్‌కి స్పీడ్ పోస్ట్‌లో మీరే ఒకటి పంపండి, గవర్నమెంటు వకీలు పంపుతాడులే అని కూర్చోవద్దు. గడువు పూర్తయినా కదలకపోతే సెక్షన్ 29 కింద ఎగ్జిక్యూషన్ అప్లికేషన్ వేయాలి. నోటీసు అందాక ఫైలు కదులుతుంది. పైకోర్టుకి వెళ్లే ఉద్దేశం ఉంటే 'కండిషనల్ శాంక్షన్' ఇస్తారు. డబ్బు వస్తుంది గానీ పైన ఓడిపోతే తిరిగి కట్టే షరతు ఉంటుంది. అండర్‌టేకింగ్ అడుగుతారు. ఆ అరియర్స్‌తో వెంటనే స్థలం కొనేయకండి.

కొరిజెండం పీపీఓ (సవరించిన పీపీఓ) ప్రయాగ్‌రాజ్ పీసీడీఏ (ఆర్మీ పెన్షన్ల అకౌంట్స్ ఆఫీసు) నుంచి వచ్చి స్పర్శ్‌లో కనపడుతుంది. లాగిన్ అయి నాలుగు విషయాలు చూడండి. డిసెబిలిటీ ఎలిమెంట్ అన్న లైను విడిగా ఉందా? శాతం దగ్గర 50 ఉందా, 30 ఉందా? బ్రాడ్ బ్యాండింగ్ మర్చిపోవడం సర్వసాధారణం. కాలపరిమితి 'లైఫ్' అని ఉందా, లేక ఏదైనా తేదీ పడిందా? మొదలయ్యే తేదీ తీర్పులో ఉన్నదేనా? ఏది తేడా ఉన్నా స్పర్శ్‌లో గ్రీవెన్స్ వేసి, తీర్పులో ఆ పేరా ఉన్న పేజీ ఒక్కటీ జత చేయండి. యాభై పేజీల తీర్పు మొత్తం ఎక్కిస్తే ఎవరూ చదవరు.

ఇంకొకటి. కేసు నడుస్తుండగా పెన్షనర్‌కి ఏమైనా అయితే భార్య వారసురాలిగా చేరి అప్పటిదాకా రావాల్సిన అరియర్స్ కోసం కేసు కొనసాగించవచ్చు. ఆ తర్వాత వచ్చే మామూలు ఫ్యామిలీ పెన్షన్‌లో మాత్రం డిసెబిలిటీ ఎలిమెంట్ కలవదు. అందుకని అమ్మగారి పేరు, పుట్టిన తేదీ రికార్డ్స్‌లోనూ, పీపీఓలోనూ, ఆధార్‌లోనూ ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ఇంటిపేరు ముందు వెనకలు కావడం మనవైపు మరీ ఎక్కువ. దాన్ని సరిచేయించడానికి రికార్డ్స్‌లో పార్ట్ టూ ఆర్డర్ (సర్వీసు రికార్డులో మార్పు నమోదు చేసే ఉత్తర్వు) కావాలి.

---

కొరిటెపాడు_కుర్రాడు:

అమ్మ పేరు పీపీఓలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉందండి, ఇప్పుడే చూశాను. దాని దరఖాస్తు కూడా ఆర్టీఐతో పాటే రికార్డ్స్‌కి పంపేయొచ్చా?

---

పీపీఓ_పరిశీలకుడు:

ఒకే కవర్లో వద్దు. ఆర్టీఐ వేరే సెక్షన్‌కి పోతుంది, పేరు కాగితం అందులోనే ఉండిపోతుంది. వేరే కవరు, వేరే స్పీడ్ పోస్ట్ రసీదు. పేరు మార్పుకి ఏ అఫిడవిట్, ఏ ఫారం అడుగుతున్నారో సైనిక సంక్షేమ ఆఫీసులో కనుక్కుని పంపండి.